పరుపుల దూది కలిపిన మడి

"మడిలో నీళ్లు తీసెయ్యి," అన్నాడు నా మనిషి.

"నాకా మడంటే భయం. నువ్వే లేచొచ్చి తియ్యి," అన్నాను.

"భయమైతే గట్టు మీద నిలబడే తియ్యి. లోపల కాలు పెట్టకు," అన్నాడు.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. విజయవాడలో ఒక ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. జీవితమంతా పరుపులు కుట్టిన మనిషి, ఆ రెక్జిన్ పరుపు అంచు కుట్టును వేలితో తడుముతూ ఈ మాటలన్నాడు. తర్వాత మగత కమ్మింది. మళ్లీ నన్ను పలకరించకుండానే పోయాడు.

రాస్తున్నావా అమ్మాయ్? నాకు సంతకం వరకే వచ్చు, అదీ వంకరగా. నువ్వు ఆయన చెల్లెలి కూతురివి, మీ మామయ్య మాటతీరు ఎరిగినదానివి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. అందంగా దిద్దకు.

మాది దూదేకులవాళ్ల ఇల్లు. హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి, కాలవ నీళ్లు ఆఖరున చేరే శివారు ఊరు. ఎండాకాలం పరుపులు, వానాకాలం వరి, అదీ మా బతుకు. ఎండల్లో ఆయన విజయవాడ వన్ టౌన్‌లో ఒక పరుపుల కొట్లో పని చేసేవాడు. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఎండబెట్టి, ఏకి, గాలి పట్టించి మళ్లీ కుట్టేవాడు. కాలవ వదిలారనగానే ఊరికొచ్చి, కౌలుకు తీసుకున్న మడిలో దిగేవాడు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో నేను, ఆయన, మా అత్త. పక్కింట్లో ఆయన అన్నగారు, అంటే మా బావగారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో జనం స్పాంజి పరుపులకు మళ్లారు. పాతవి కొట్టు ముందు పడేసి పోయేవాళ్లే తప్ప ఏకించుకునేవాళ్లు రాలేదు. గోడౌన్ వెనక దూది గుట్ట పెరిగింది. తలనూనె, చెమట, పసిపిల్లల ఉచ్చ ఇంకిన నల్లటి దూది. ఎలకలు చేరుతున్నాయి, తీయించెయ్యమన్నాడు కొట్టు యజమాని. ఈయన పారెయ్యలేదు. ఖాళీగా తిరిగొచ్చే లారీ ఒకటి మాట్లాడి, ఆ దూదంతా మా మడి గట్టుకు తోలించాడు.

"ఏంట్రా ఇదంతా?" అంది అత్త.

"ఎరువమ్మా."

"దూది ఎరువేంట్రా?"

"అదీ చెట్టున కాసిందేగా. జీలుగ కుళ్లితే ఎరువైనప్పుడు దూది కుళ్లితే కాదా?"

"మీ తాత బతికినన్నాళ్లూ దూదే ఏకాడు. ఒక్కనాడూ పొలంలో పరుపెయ్యలేదు."

"తాతకి పొలమెక్కడిదే, వెయ్యడానికి?"

అత్త నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మనిషి పోతే ఆ మనిషి పడుకున్న పరుపు ఎవరూ ఇంట్లో ఉంచుకోరు. కొట్లో పడేసినవాటిలో చాలా భాగం అలాంటివేనని నాకు తెలుసు. జీలుగతో పాటు ఆ దూదిని కూడా వేసి దున్నుతుంటే, నాగలి చాలులో పువ్వుల గుడ్డ పీలిక ఒకటి పైకొచ్చింది. ఎవరి దిండో.

బావగారు గట్టు మీద నిలబడి అననే అన్నారు. "చచ్చినోళ్ల పరుపులు తెచ్చి పైరు కింద పరిచావు కదరా. ఇక పైరేం లేస్తుంది, హాయిగా నిద్రపోతుంది."

మడికి నీళ్లు పెట్టి, దమ్ము చేసి నాట్లు వేశాం. మొదట్లో బాగానే ఉంది. కాస్త వేరు పట్టే వేళకు బుడగలు మొదలయ్యాయి. ఏ వరి మడిలోనైనా అడుగేస్తే నాలుగు బుడగలు వస్తాయి, అది వింత కాదు. మా మడిలో అడుగెయ్యకపోయినా వచ్చేవి. గాలి లేదు, మనిషి లేడు, నీళ్లు కదలవు. అయినా ఇక్కడొకటి, అక్కడొకటి, తర్వాత గుంపుగా గుడగుడమని. కలుపుకి దిగితే పాదం చుట్టూ అన్నం కుండ ఉడికినట్టు ఉడికేది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. కలుపుకి వచ్చే ఆడవాళ్లు మా మడి గట్టు చూడగానే కొంగు ముక్కుకు కట్టుకుని, ఒంట్లో బాగాలేదని వెళ్లిపోయేవాళ్లు. చుట్టూ పైర్లు పచ్చగా ఎదుగుతుంటే మాది పసుపు తిరిగింది. పసుపు మీద ఇనప తుప్పు లాంటి మచ్చలు వచ్చాయి. ఒక దుబ్బు పీకి చూస్తే వేళ్లు నల్లగా, జుట్టు కాలినట్టు ఉన్నాయి.

ఆయన ఆ దుబ్బును తువ్వాలులో చుట్టుకుని జంక్షన్‌లో వ్యవసాయాఫీసరు దగ్గరికి వెళ్లాడు. వచ్చాక వసారాలో కూర్చుని చెప్పాడు.

"మట్టిలో కంటికి కనపడని జీవాలుంటాయంట. లెక్కలేనన్ని. మనం వేసిన దూదిని అవే తింటున్నాయంట."

"తింటే తిననీ. ఎరువవుతుందన్నావుగా?"

"దూదిలో కండ లేదే, వట్టి పీచు. అది అరగాలంటే వాటికి పైరు తినే బలమూ కావాలంట. మనం చల్లిన యూరియా అవే లాక్కుంటున్నాయి. పైరు నోట్లో మట్టి. పైగా పైన నీళ్లు నిలిపాం కదా, కింద గాలాడదు. గాలి లేనిచోట బతికే రకం వేరే ఉన్నాయంట. అవి వదిలే గ్యాసే ఈ బుడగలు. ఆ కంపుకే వేళ్లు నల్లబడ్డాయి."

"గాలి లేకుండా, చీకట్లో, మట్టికింద బతుకుతాయా?"

"బతుకుతాయంట."

"సమాధిలో లాగానా?"

ఆయన నా వైపు చూశాడు. "పరుపు లాంటిదేనే నేలా," అన్నాడు. "దూది అణిగిపోయి గడ్డకడితే ఏం చేస్తాం? విప్పి ఎండలో వేసి గాలి పట్టిస్తాం. నీళ్లు తీసి మడి ఆరబెట్టాలంట. వెంట్రుక దూరేంత బీట ఇస్తే చాలు. వేలు దూరిందంటే పైరు పోయినట్టే. ఆ బీటల్లో యూరియా చల్లి మళ్లీ నీళ్లు పెట్టాలి."

నా భయం పోగొట్టాలని ఒక సాయంత్రం, అజాన్ అయ్యాక, నన్ను మడి దగ్గరికి తీసుకెళ్లాడు. ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగు కోసేసి, మూత బిగించి, పక్కకు వాల్చి నీళ్లు నింపి, మూత పైకి ఉండేలా నీళ్లలో నిలబెట్టి పట్టుకున్నాడు. కాలితో మట్టి తొక్కాడు. బుడగలన్నీ సీసాలో చేరి లోపలి నీళ్లను కిందికి నెట్టేశాయి. మూత తీసి అగ్గిపుల్ల చూపించాడు. భుగ్గుమని నీలం మంట. సీసా మూతి దగ్గర కాసేపు ఆడి ఆరిపోయింది.

"చూశావా? గోబర్ గ్యాసూ ఇలాంటిదే. దీంట్లో దయ్యం లేదు, గియ్యం లేదు," అన్నాడు నవ్వుతూ.

చిన్నప్పుడు మా అమ్మమ్మ రొంపిమళ్లలో కొరివిదయ్యాలు తిరుగుతాయని చెప్పేది. నీళ్ల మీద మంట నడుస్తుందని, దాని వెంట వెళ్లిన మనిషి తిరిగి రాడని. అవి ఉత్త మాటలనుకుని పెద్దదాన్నయ్యాను. దయ్యం లేదని చూపించబోయి ఆయన నాకు దయ్యాన్నే చూపించాడు. ఇల్లు చేరేదాకా ఆయన చొక్కా వదల్లేదు.

అయినా వెంటనే నీళ్లు తియ్యలేదు. ఎలా తీస్తాడు? ఆ ఏడు కాలవే ఆలస్యంగా వదిలారు. శివారు మడికి వంతు నీళ్లు వచ్చేది ఎప్పుడో ఒకప్పుడు. ఉన్న నీళ్లు మురుగు కాలవలోకి వదిలేసి, రేపు మడికి నీళ్లు తెచ్చే బోదెలో చుక్క రాకపోతే? గట్టు మీదికి పార తీసుకెళ్లడం, చుట్టూ చూడడం, తిరిగి రావడం. అలా తిరుగుతూ ఉండగానే జ్వరం వచ్చింది. పిక్కలు పట్టేశాయన్నాడు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఎలకల ఉచ్చ కలిసిన నీళ్లలో తిరిగితే, పగిలిన పాదాల గుండా ఎక్కే జ్వరమట, ఆసుపత్రిలో చెప్పారు. గోడౌన్‌లో ఎలకలా, మడిలో ఎలకలా అని ఎవరూ తేల్చలేదు. ఊళ్లో మాత్రం ఒకటే మాట: మడి పట్టుకుంది.

ఖననం అయింది. మూడోరోజు ఫాతెహా చదివించారు. నేను ఇద్దత్‌లో కూర్చున్నాను. మొగుడు పోయిన మనిషి నాలుగు నెలల పైచిలుకు గడప దాటకూడదు, అది మాలో పద్ధతి. ఆ గదిలో కూర్చుంటే నాకు రెండు ఆలోచనలే. ఒకటి, ఆయన్ని మట్టిలో పెట్టారు. అక్కడ గాలాడదు. కంటికి కనపడనివి లెక్కలేనన్ని ఉంటాయి. ఆ మాట నాకు చెప్పింది ఆయనే. రెండోది, ఆ మడి. కిటికీ వైపు నుంచి గాలి తిరిగితే కంపు ఇంట్లోకి వచ్చేది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి దింపేసేదాన్ని. అత్త, తన కొడుకు పరుపును ఎవరికీ ఇవ్వనివ్వలేదు. అందరూ వద్దంటున్నా దాని మీదే పడుకుంది.

మడి ఆసామి బావగారితో కబురు పంపాడు. పైరు ఇలాగే ఉంటే వచ్చే ఏడు ఆ మడి వేరేవాళ్లకు కౌలుకిస్తానని. ఆ మడి పోతే మా అత్తాకోడళ్లిద్దరికీ ఇంకేమీ లేదు. పరుపులు కుట్టే చెయ్యి ఎలాగూ పోయింది.

తలుపు చాటు నుంచి బావగారితో అన్నాను. "నీళ్లు తీసెయ్యమన్నారు బావగారూ. ఆఖరుగా చెప్పింది అదే."

"జ్వరంలో పేలిన మాట పట్టుకుంటావేంటమ్మా?"

"ఆఫీసరు గారు చెప్పిందే."

"ఆఫీసరుకేం, ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. శివారులో వదిలిన నీళ్లు మళ్లీ ఎవడిస్తాడు?"

"పోనీ ఒకసారి మీరు మడిలో దిగి వేళ్లు చూసి రండి."

లోపలి నుంచి అత్త అందుకుంది.

"దిగడు. వాడికీ భయమే. తమ్ముడు పోయిన కాడి నుంచి ఆ గట్టు తప్పించి చుట్టూ తిరిగి పోతున్నాడు. నేను చూడట్లేదనుకుంటున్నాడు."

"నాకేం భయం?" అన్నారు ఆయన. మడి వైపు కాకుండా వాళ్లింట్లోకి నడిచారు.

అది చూసి నాకు ఉన్న ధైర్యం కూడా జారిపోయింది. అంత మగమనిషే దిగలేకపోతే నేనెంత? ఆ మధ్యాహ్నం అత్త చేతికర్ర పట్టుకుని మసీదు దాకా వెళ్లి, హజరత్ గారిని అడిగి వచ్చింది.

"అవసరానికి పగలు వెళ్లొచ్చంట. పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలంట. లేచి ముసుగేసుకో."

"అత్తా, నాకు భయమేస్తోంది."

"వెయ్యనీ. దాన్నీ వెంటబెట్టుకునే రా."

ఎర్రటి ఎండలో ఇద్దరం బయల్దేరాం. దారిలో కలుపు తీసే ఆడవాళ్లు నన్ను చూసి వంచిన నడుములు ఎత్తారు. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. గట్టెక్కాను. మడి అలాగే ఉంది. ఎర్రటి పైరు, నల్లటి నీళ్లు, బుడగ మీద బుడగ. మురుగు వైపు గట్టుకు పార వేశాను. మొదటి దెబ్బ గట్టు మీద కాకుండా రాయి మీద పడింది. రెండో దెబ్బకు మట్టి తెగింది. నీళ్లు సన్నగా మొదలై, గండి వెడల్పై, గోధుమరంగు నురగతో మురుగు కాలవలో దూకాయి. కంపు ఒక్కసారిగా లేచింది. అత్త గట్టు మీదే వాంతి చేసుకుంది.

నీళ్లు తగ్గుతున్నకొద్దీ బుడగలు ఎక్కువయ్యాయి. మడంతా ఒకేసారి. పరుపు మీద ఎక్కి కూర్చుంటే లోపలి గాలి ఉస్సుమంటుంది చూడు, అలాంటి చప్పుడు ఎన్నో మూలల నుంచి. ఎంతమంది పరుపులో, అంతమంది ఊపిరి. అల్లా, అల్లా అనుకుంటూ నిలబడ్డాను. గట్టు మీదే నిలబడ్డాను. ఆయన చెప్పినట్టే లోపల కాలు పెట్టలేదు.

ఆ తర్వాత ఎండలు మండిపోయాయి. బోదె ఎండింది. రోజూ పగటిపూట వెళ్లి గట్టు మీద నుంచి చూసి వచ్చేదాన్ని. పైరు పచ్చబడకపోగా ఇంకా ఎర్రబడినట్టు కనపడింది. బావగారు రోజూ వాకిట్లో నుంచి వినపడేలా అనేవారు. "పైరుకి కూడా ఇద్దత్ పెట్టిందమ్మా మా మరదలు. నీళ్లు ముట్టనివ్వట్లేదు."

బీట వెంట్రుకంత ఉందా, వేలంత ఉందా? అది గట్టు మీద నుంచి తెలియదు. మధ్యలోకి వెళ్లి వంగి చూడాలి. కూలికి ఎవరూ రారు. బావగారు రారు. అత్తకు కళ్లు ఆనవు. ఒక రోజు ఆలస్యమైతే పైరు చస్తుంది, ఒక రోజు ముందు నీళ్లు పెడితే కంపు మళ్లీ చేరుతుంది. కాలు పెట్టకు అని ఆయన అన్నాడు. ఆ మాట అన్నవాడు వచ్చి చూడడు కదా.

చీర కుచ్చిళ్లు దోపుకుని, కళ్లు మూసుకుని, దిగాను.

పాదం దిగబడలేదు. అది మొదటి వింత. చల్లగా, గట్టిగా, పిండిన బట్ట లాగా ఉంది నేల. బుడగ రాలేదు. కళ్లు తెరిచాను. కాళ్ల చుట్టూ సాలెగూడు లాంటి సన్నటి గీతలు. గోరు పెట్టి చూశాను, దూరలేదు. రెండో అడుగుకు ఏదో మెత్తగా తగిలింది. అరిచేశాను. అత్త గట్టు మీద నుంచి "ఏమైందే?" అని కేక. చూస్తే దూది ముద్ద, సగం మట్టి అయిపోయింది. వేళ్లతో నలిపితే పొడి పొడిగా రాలింది. ఏ మనిషిదీ కాదు అది, వట్టి మట్టి.

ఒక దుబ్బు పట్టుకుని లాగాను. తేలిగ్గా ఊడి రాలేదు. బలంగా లాగితే వచ్చింది. కింది వేళ్లు నల్లవే. వాటి పైన, మొదలు దగ్గర, కొత్త వేళ్లు. తెల్లగా, సన్నగా, అప్పుడే ఏకిన దూదిలోంచి పేనిన పోగుల్లా. ముక్కు దగ్గర పెట్టుకోవడానికి చాలాసేపు భయపడ్డాను. పెట్టుకున్నాను. కోడిగుడ్డు కంపు లేదు. తొలకరి పడ్డప్పటి మట్టి వాసన.

"బతికింది అత్తా," అన్నాను.

"ఎవరు?" అంది.

ఆ ప్రశ్నకు నేను అక్కడే, మడిలోనే కూలబడి ఏడ్చాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అంత ఏడుపు ఏడవలేదు.

ఇక నీళ్లు. కాలవ నీళ్లు వదిలే లస్కరు, వంతు రాలేదని తూము తియ్యనన్నాడు. అత్త వెళ్లి తూము మీద కూర్చుంది.

"లే ముసలమ్మా, మా ఆఫీసరు చూస్తే నా ఉద్యోగం పోద్ది."

"నా కొడుకే పోయాడు, నీ ఉద్యోగం గురించి చెప్తావేంట్రా? ఇక్కడే చస్తా. చచ్చాక నా పరుపు కూడా తెచ్చి ఆ మడిలోనే దున్నండి."

చచ్చినోళ్ల పరుపుల మడి సంగతి తెలియనివాడు ఆ కాలవ మీద లేడు. వాడికీ ఒళ్లు ఝల్లుమన్నట్టుంది. పొద్దు వాలేలోపు మా బోదెకు నీళ్లు వచ్చాయి. ముందే బీటల్లో యూరియా చల్లి ఉంచాను. నేను పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలి గనక, నీళ్లు మడి చివరికి చేరాయో లేదో బావగారే చూసి వచ్చారు. గట్టు మీద నడిచే వెళ్లారట ఈసారి. వచ్చి, "చేరాయి," అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయారు.

పైరు కోలుకుంది. పక్కవాళ్లంత పండలేదు గానీ పండింది. ఆసామి మడి వెనక్కి తీసుకోలేదు. ఆ మిగిలిన దూదే తర్వాతి ఏడాదికి మంచి ఎరువైందని అన్నారు. అయ్యే ఉంటుంది, ఆ ఏడు పైరు బాగుంది. నేను మాత్రం ఇప్పటికీ దమ్ములప్పుడు మొదటి బుడగ చూస్తే వెనక్కి అడుగేస్తాను. చాప మీద తప్ప పడుకోను. నేను చచ్చాక ఏ పరుపూ ఎవరికీ ఇవ్వనక్కర్లేదు.

ఇదంతా ఎందుకు రాయిస్తున్నానంటే అమ్మాయ్, నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆయన ఆఖరి మాటలు నా నోట్లోనే ఉన్నాయి ఇన్నాళ్లూ. అత్త కూడా పోయింది. ఒక్కోసారి మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, కాలు పెట్టకు అన్నాడా, కాలు పెట్టు అన్నాడా అని తడబడుతున్నాను. గొంతు కూడా సరిగ్గా గుర్తురావట్లేదు. నీ గొంతులో మీ మామయ్య జీర ఉంది. అటు తిరిగి, నా మొహం చూడకుండా, మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర కాస్త మెల్లగా చదువు.